యూరప్‌లో తొలి కొలువు: భారమంతా యువత నెత్తినేనా?

యూరప్ దేశాల యువ నిరుద్యోగ పట్టికలో కొంతకాలంగా స్పెయిన్, స్వీడన్ దగ్గర దగ్గరగా కనిపిస్తున్నాయి. 25 ఏళ్లలోపు వారిలో పని కోసం వెతికినా దొరకనివారు రెండు చోట్లా 20 శాతం పైమాటే. ఆ అంకె చూసి రెండు దేశాల యువత కష్టం ఒకటేనని అనుకుంటే పప్పులో కాలేసినట్టే. స్వీడన్‌లో ఈ లెక్కకెక్కినవారిలో చాలామంది చదువుకుంటూనే సాయంత్రాలకో, వేసవి సెలవులకో పని వెతుక్కునే విద్యార్థులు. స్పెయిన్‌లో ఈ లెక్క వెనక చదువు ముగించి, ఒక తాత్కాలిక ఉద్యోగం నుంచి మరో తాత్కాలిక ఉద్యోగానికి తిరిగి తిరిగి అలసిన తరం ఉంది.

ఇక్కడ లెక్కించే పద్ధతి గురించి కొంత చెప్పుకోవాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్వచనం ప్రకారం పని లేకపోవడమొక్కటే చాలదు. గడిచిన నాలుగు వారాల్లో పని కోసం ప్రయత్నించి ఉండాలి, రెండు వారాల్లో చేరడానికి సిద్ధంగా ఉండాలి. అప్పుడే నిరుద్యోగి. వారంలో ఒక్క గంట జీతానికి పనిచేసినా ఉద్యోగి కిందే లెక్క. పైగా శాతాన్ని కట్టేది యువజనం మొత్తం మీద కాదు, పని చేస్తున్నవారు, పని వెతుకుతున్నవారు కలిసిన సంఖ్య మీద మాత్రమే. 2013లో స్పెయిన్‌లో యువ నిరుద్యోగం 55 శాతానికి చేరినప్పుడు ‘యువతలో సగానికి పైగా నిరుద్యోగులు’ అంటూ ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. నిజానికి 15 నుంచి 24 ఏళ్ల వారందరినీ లెక్కలోకి తీసుకుంటే పని దొరకనివారు ఐదుగురిలో సుమారు ఒకరు. మిగిలినవారిలో ఎక్కువమంది తరగతి గదుల్లో ఉన్నారు. అలాగని ఆ సంక్షోభం చిన్నదని కాదు. ఐదుగురిలో ఒకరంటే అది ఏ దేశానికైనా పెద్ద దెబ్బే.

అంకెల కంటే నాకు ముఖ్యమనిపించే ప్రశ్న వేరే ఉంది. అనుభవం లేని కుర్రవాడినో, అమ్మాయినో పనిలో పెట్టుకోవడంలో కొంత నష్టభయం ఉంటుంది. పని వస్తుందో రాదో, నిలుస్తారో లేదో తెలియదు. ఆ నష్టభయాన్ని ఎవరు మోస్తున్నారు? యజమానా, ప్రభుత్వమా, లేక ఆ యువకుడే ఒంటరిగానా? యూరప్ దేశాల మధ్య తేడాలో చాలా భాగం ఈ ఒక్క ప్రశ్నకు అవి ఇచ్చుకున్న జవాబులోనే ఉందని నా అభిప్రాయం.

స్పెయిన్ దశాబ్దాల పాటు ఇచ్చిన జవాబు: యువతే మోయాలి. 1984లో తాత్కాలిక కాంట్రాక్టులకు అక్కడ చట్టం తలుపులు బార్లా తెరిచింది. 1990ల మొదటికే జీతగాళ్లలో దాదాపు మూడింట ఒక వంతు తాత్కాలికులయ్యారు. శాశ్వత ఉద్యోగిని తీసేస్తే పెద్ద పరిహారం ఇవ్వాలి, కాంట్రాక్టు గడువు ముగిసినవారికి ఇవ్వాల్సింది స్వల్పం. అందుకని ఇంట్లో తండ్రి శాశ్వత ఉద్యోగి, కొడుకూ కూతురూ తాత్కాలికులు అన్నట్టుగా తయారైంది. సోమవారం మొదలై శుక్రవారం ముగిసే కాంట్రాక్టులు హోటళ్లలో, గిడ్డంగుల్లో మామూలు విషయమయ్యాయి. శని, ఆదివారాలు నిరుద్యోగి, మళ్లీ సోమవారం అదే బల్ల దగ్గర కొత్త సంతకం. అలాంటి మనిషికి యజమాని పని ఎందుకు నేర్పిస్తాడు? 2008 తర్వాత నిర్మాణ రంగం కుప్పకూలినప్పుడు ముందుగా ఊడినవి ఈ ఉద్యోగాలే. తొలగించాల్సిన అవసరం కూడా రాలేదు, గడువు పొడిగించకపోతే సరిపోయింది.

గ్రీస్ మరో దారి పట్టింది. అప్పుల సంక్షోభంలో చిక్కుకుని, రుణదాతల షరతుల మేరకు 2012లో నెలకు 751 యూరోలున్న కనీస వేతనాన్ని 586కు దించారు, 25 ఏళ్లలోపు వారికైతే ఇంకా తగ్గించి దాదాపు 511 యూరోలు చేశారు. యువత చవకైతే కంపెనీలు తీసుకుంటాయన్నది వాదన. మరుసటి ఏడాది యువ నిరుద్యోగం 58 శాతం. కొనేవారే లేని దుకాణానికి పనివాడు ఎంత చవకగా దొరికితే మాత్రం ఏం లాభం? నాలుగు లక్షల మందికి పైగా దేశం విడిచి వెళ్లారు. వారిలో డాక్టర్లూ ఇంజనీర్లూ ఎందరో. 2019 ఫిబ్రవరిలో ఆ వివక్షాపూరిత వేతనాన్ని రద్దు చేశారు. దానివల్ల యువ నిరుద్యోగం పెరగలేదు సరికదా, కొన్నేళ్లలో బాగా దిగివచ్చింది. వయసు తక్కువన్న కారణంతో ఒకే పనికి తక్కువ జీతం ఇవ్వడం అన్యాయమని నేను నమ్ముతాను. గ్రీస్ అనుభవం అది పనికిరాని వైద్యమని కూడా చూపింది.

ఫ్రాన్స్‌లో 2006లో ప్రధాని దొమినిక్ ద విల్‌పాన్ ప్రభుత్వం 26 ఏళ్లలోపు వారిని మొదటి రెండేళ్లలో కారణం చెప్పకుండా తీసేయవచ్చనే కాంట్రాక్టును చట్టం చేసింది. విద్యార్థులు, కార్మిక సంఘాలు కలిసి వీధుల్లోకి రావడంతో ఏప్రిల్‌లోనే దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

జర్మనీలో యువ నిరుద్యోగం 6–7 శాతం దగ్గర నిలకడగా ఉంటోంది. అక్కడ పదహారేళ్ల కుర్రవాడు ఒక కర్మాగారంలో మెకట్రానిక్స్ (యంత్రాలు, ఎలక్ట్రానిక్స్ కలిసిన పని) అప్రెంటిస్‌గా చేరితే మూడున్నరేళ్ల శిక్షణ. వారంలో మూడు నాలుగు రోజులు యంత్రాల దగ్గర, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో. మొదటి ఏడాది నుంచే నెలనెలా భృతి. 2025లో చేరినవారికి చట్టం నిర్ణయించిన కనీస మొత్తం 682 యూరోలు. ఏ వారం ఏ పని చేశాడో, ఏం నేర్చుకున్నాడో తన నోటు పుస్తకంలో రాయాలి, శిక్షకుడు దాన్ని చూడాలి. ఆ పుస్తకం సరిగా లేకపోతే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్షించే బృందంలో యజమానుల ప్రతినిధులు, కార్మికుల ప్రతినిధులు, వృత్తి పాఠశాల ఉపాధ్యాయులు ముగ్గురూ ఉంటారు. అందుకే ఆ సర్టిఫికెట్టుకు దేశమంతటా విలువ. శిక్షణ ఇచ్చిన కంపెనీ రేపు మూతపడినా అతని విద్య చెల్లుతుంది. నష్టభయాన్ని యజమాని, ప్రభుత్వం, యువకుడు ముగ్గురూ పంచుకోవడమంటే ఇదే.

జర్మనీని ఆకాశానికెత్తే ఉద్దేశం నాకు లేదు. అక్కడి కంపెనీల్లో అప్రెంటిస్‌లకు శిక్షణ ఇచ్చేవి సుమారు ఐదింట ఒకటే. 20 నుంచి 34 ఏళ్ల వారిలో ఏ వృత్తి అర్హతా లేనివారు 28 లక్షలకు పైగా ఉన్నారు. వలస కుటుంబాల పిల్లలకు శిక్షణ సీటు దొరకడం కష్టమని అక్కడి పరిశోధకులు ఎన్నోసార్లు చెప్పారు. పదేళ్ల వయసులోనే పిల్లలను వేరు వేరు బడులకు పంపే పద్ధతి ఈ అసమానతకు పునాది.

మన తెలుగు కుటుంబాలు కూడా ఈ లెక్కను చూసుకోవాల్సిన సమయమిది. జర్మన్ విశ్వవిద్యాలయాల్లోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులదే పెద్ద వర్గం, 2023–24లో దాదాపు 50 వేలు. అందులో మన పిల్లలు తక్కువేమీ కాదు. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024లో జర్మనీ ప్రకటించింది. కానీ అక్కడ గట్టి కొరత ఉన్నది ఆసుపత్రుల్లో, వృద్ధుల సంరక్షణలో, ఎలక్ట్రీషియన్ పనిలో. విదేశాల్లో ఉద్యోగాలు చూపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు ముందుగా జర్మన్ భాష నేర్పించేది అందుకే. ఇంగ్లిషులో మాస్టర్స్ చేసి, భాష రాకుండా ఉద్యోగం వెతికేవారికి ఆ కొరత వల్ల ఒరిగేది తక్కువ. అప్పు చేసి పంపే తల్లిదండ్రులకు ఈ మాట కన్సల్టెన్సీలు చెప్పవు.

మళ్లీ స్పెయిన్ సంగతి. 2021 డిసెంబరులో యోలాందా దియాజ్ కార్మిక మంత్రిగా ఉండగా యజమానులు, సంఘాలు ఒప్పుకున్న సంస్కరణ వచ్చింది. పార్లమెంటులో 175–174 ఓట్లతో, అదీ ప్రతిపక్ష సభ్యుడొకరు పొరపాటున అనుకూలంగా ఓటు వేయడం వల్ల గట్టెక్కింది. ‘ఫలానా పని పూర్తయ్యేదాకా’ అనే పాత కాంట్రాక్టును రద్దు చేశారు. 30 రోజుల కంటే తక్కువ గడువున్న కాంట్రాక్టుకు యజమాని సామాజిక భద్రత కింద అదనపు సొమ్ము కట్టాలన్నారు. దాదాపు 25 శాతమున్న తాత్కాలికుల వాటా రెండు మూడేళ్లలో 16–17 శాతానికి దిగింది, అందరికంటే ఎక్కువగా లాభపడింది యువతే. ‘సీజన్‌లో మాత్రమే పిలిచే శాశ్వత ఉద్యోగాలు’ పెరిగాయన్న విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది. అయినా వచ్చే వేసవిలో మళ్లీ పిలవాల్సిన బాధ్యత యజమానిపై ఉండటం చిన్న విషయం కాదు. ఉద్యోగాలు పోతాయని బెదిరించినవారి జోస్యం ఫలించలేదు.

యూరోపియన్ యూనియన్ స్థాయిలో 2013 ఏప్రిల్‌లో ‘యువ హామీ’ వచ్చింది. చదువు వదిలిన, లేదా ఉద్యోగం పోయిన నాలుగు నెలల్లో ఉద్యోగమో, శిక్షణో, చదువో చూపించాలన్నది ఆ హామీ. 2020లో దాన్ని 30 ఏళ్లలోపు వారికి విస్తరించారు. చదువు, ఉద్యోగం, శిక్షణ మూడూ లేని 15–29 ఏళ్ల వారు ఇప్పుడు 11 శాతం దగ్గర ఉన్నారు, 2030కల్లా 9 శాతానికి తేవాలన్నది లక్ష్యం. నెదర్లాండ్స్‌లో అది 5 శాతమే. ఇటలీ 2014లో 26 శాతం నుంచి 15 దాకా దిగివచ్చింది. రుమేనియాలో ఇంకా 19 శాతం దగ్గరే ఉంది. అక్కడి పల్లెల్లో చిన్న వయసులో పెళ్లయి, పిల్లలను చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయిన యువతి నిరుద్యోగుల జాబితాకు ఎక్కదు, ఎందుకంటే ఆమె పని వెతకడం లేదు. ఉపాధి కార్యాలయంలో పేరే లేని మనిషికి నాలుగు నెలల గడువు ఎప్పుడు మొదలవుతుంది? పట్నానికి బస్సు, పిల్లలకు శిశు సంరక్షణ కేంద్రం ముందు ఏర్పాటైతే తప్ప ఆ హామీ ఆమె గుమ్మం దాకా చేరదు. బుఖారెస్ట్‌లోని రుమేనియా ప్రభుత్వం, బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ ఆ ఖర్చును ఉపాధి ఖర్చుగా గుర్తించి ఇప్పటినుంచే పెట్టాలి.