రొయ్యకున్న పరీక్ష చార్జరుకు లేదు

భీమవరం చుట్టుపక్కల చెరువు చేసే రైతు నెవరినైనా అడగండి, యూరప్ రూలంటే ఏమిటో చెబుతాడు. యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే కంటైనర్ అక్కడే ఆగిపోతుంది. 2016లో మన రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటాను యూరోపియన్ యూనియన్ 10 శాతం నుంచి 50 శాతానికి పెంచాక ఆ టెన్షన్ మేత కొట్టు దాకా పాకింది.

అదే యూరప్ 2006 జూలై నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం, పాదరసం, కాడ్మియం సహా ఆరు పదార్థాలకు హద్దు గీసింది. కాడ్మియం 0.01 శాతం, మిగతావి 0.1 శాతం మించకూడదు. 2014 మే నుంచి మన దేశమూ ఆ అంకెలనే రూలుగా అమలుకు పెట్టుకుంది.

ఇక్కడొక మెలిక ఉంది. చార్జరు మొత్తాన్ని తూచి సగటు చూపిస్తే కుదరదు. అందులోని ప్లాస్టిక్, సోల్డర్, వైరు తొడుగు వంటి ప్రతిదీ విడివిడిగా ఆ హద్దులో ఉండాలి. వైర్లను అతికించే పాతకాలపు సోల్డరింగ్ చుక్కలో సీసం సుమారు 37 శాతం ఉంటుంది. అంటే హద్దుకు 370 రెట్లు! బియ్యపు గింజంత చుక్కే కదా అనుకుంటాం. పాడైన చార్జర్లు పాత సామాను కొట్టుకు చేరి, రాగి కోసం వాటిని వైర్లతో సహా కాలవ గట్టున తగలబెడితే ఆ బూడిద ఎటు పోతుంది? మన దగ్గర చాలా ఊళ్లలో తాగేనీటి చెరువు నిండేది కాలవ నీటితోనే.

సీసం లేని సోల్డర్ ఖరీదని, 183 డిగ్రీలకు కరిగేదాన్ని వదిలి 217 దాటితేగానీ కరగనిదాన్ని వాడమంటే చిన్న మెకానిక్ నలిగిపోతాడని అంటారు. నిజమే. కానీ నేను వేలు చూపేది అతని మీద కాదు, సరుకును మార్కెట్లోకి దించేవాళ్ల మీద.

వాళ్లను ఆపేదెవరు? కంపెనీ తనకు తానే రాసిచ్చే డిక్లరేషను, కాలుష్య నియంత్రణ మండలి ఎప్పుడో తీసే శాంపిలు. పేరూ ఊరూ లేని చార్జరుకు ఆ డిక్లరేషనూ ఉండదు. వస్తువు మూత విప్పి చూపితే చాలు, కరిగించకుండానే సీసం ఎంతుందో నిమిషాల్లో చెప్పే, చేత్తో పట్టుకునే ఎక్స్‌రే యంత్రాలు ఉన్నాయి. నెలకోసారి అలాంటిదొకటి పాలకొల్లు బజారుకు వస్తే చాలు, హోల్‌సేల్ వ్యాపారి తనకు సరుకు పంపినవాడిని నిలదీస్తాడు.

అసలు రోగం ‘ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ’ అన్న మాటలోనే ఉంది. పైదేశానికి పోయేది మేలురకం, మనింటికొచ్చేది ఏదైనా ఫరవాలేదు అని మనమే ఒప్పేసుకున్నాం. బెల్జియంలో తినేవాడి కోసం చెరువు నీళ్లు పరీక్ష చేయిస్తాం. మన పిల్లాడు నోట్లో పెట్టుకుని నమిలే చార్జరు వైరును మాత్రం ధర చూసి కొంటాం.