మిగతా 3,590 గజాలు ఎక్కడికి పోయాయి? అమరావతి లెక్కకు ఒక ఖండన

"ఎకరా అంటే 4,840 గజాలు. అమరావతిలో ఎకరా ఇచ్చిన రైతుకు దక్కింది 1,250 గజాలు. మిగతా 3,590 గజాలు ప్రభుత్వం మింగేసింది. అదే రియల్టరుకు ఇస్తే సగం వచ్చేది. గుజరాత్‌లో అరవై శాతం వెనక్కిస్తారు. భూసేకరణ చట్టం కింద డబ్బు తీసుకున్నా ఇంతకంటే మేలే."

ఈ లెక్క రకరకాల రూపాల్లో ఫోన్లలో తిరుగుతోంది. రెండో విడత భూ సమీకరణ (రైతు భూమి ఇచ్చి, బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు తీసుకునే పద్ధతి) మాట మొదలయ్యాక దీన్ని నమ్మి సంతకం పెట్టాలో వద్దో తేల్చుకునేవాళ్లు కూడా ఉంటారు. కాబట్టి ఒక్కో మాటా తీసి చూడాలి.

మొదట, 3,590 గజాలు "మింగేశారు" అన్న మాట. సమీకరించిన భూమిలో దేనికెంత వదలాలో 2014 సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టంలోనే ఉంది: రోడ్లకు, వాటి కింద వెళ్లే పైపులూ తీగలకూ 30 శాతం, పార్కులూ ఖాళీ స్థలాలకు 10, బడులూ ఆసుపత్రుల వంటివాటికి 5, పేదల ఇళ్లకు 5. మొత్తం సగం. ఎకరాకు లెక్క కడితే 2,420 గజాలు. (ఇది పథకం మొత్తానికి వర్తించే వాటా. మీ సర్వే నంబరులో సరిగ్గా 30 శాతమే రోడ్డుకు పోతుందని కాదు.) మిగిలిన 2,420 గజాల్లో మెట్ట రైతుకు 1,000 నివాస స్థలం, 250 వాణిజ్య స్థలం. జరీబు (నది దగ్గరి, నీటి వసతి ఉన్న సారవంతమైన భూమి) రైతుకు 1,000, 450. అంటే సంస్థ చేతిలో మిగిలేది మెట్టలో 1,170 గజాలు, జరీబులో 970. ఎకరాలో 24 శాతం, 20 శాతం. ముప్పావు వంతు కాదు, పావు వంతుకు కాస్త తక్కువ. ఆ పావు వంతు గురించి అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. అయితే 3,590 అని మొదలుపెడితే ఆ ప్రశ్నల దాకా వెళ్లలేం.

"రోడ్లకు 30 శాతం దండగ" అనేది దీనికి తోకలా వచ్చే మాట. కాగితం మీద గీసి చూడండి. అరవై అడుగుల లోతున్న ప్లాట్లు రెండు వరసలు వీపు వీపు ఆనించి పెడితే 120 అడుగులు. ముందు 40 అడుగుల రోడ్డు వేస్తే మొత్తం 160, అందులో రోడ్డే 25 శాతం. ప్రతి 600 అడుగులకు ఒక 40 అడుగుల అడ్డరోడ్డు కలిపితే దాదాపు 30 శాతానికి చేరుతుంది. పెద్ద రోడ్ల సంగతి ఇంకా రానేలేదు. కిలోమీటరుకొకటి చొప్పున రెండు దిక్కులా 50 మీటర్ల రోడ్లు వేస్తే వాటికే పదో వంతు భూమి కావాలి. వెడల్పు తగ్గిస్తే గజాలు పెరుగుతాయన్నది నిజం. కానీ తర్వాత నాలుగు అంతస్తులు లేచాక ఆ వీధిలోకి ఫైరింజను రాదు, మురుగు పైపు పక్కన మంచినీటి పైపుకు కావలసిన ఎడం దొరకదు. రోడ్డు వెడల్పుకు ఒకసారి భూమి వదలడం తేలిక. ఇళ్లు లేచాక వెనక్కి తీసుకోవాలంటే పదింతల ఖర్చు, దానితోపాటు కోర్టు కేసులు.

రియల్టరు సంగతికి వద్దాం. అక్కడా రోడ్లకు 30 శాతం, ఖాళీ స్థలానికి 10 శాతం పోతే ఎకరాకు అమ్మకానికి దొరికేది 2,900 గజాలు. సగం వాటా అంటే రైతుకు 1,450. మెట్ట రైతుకు ఇచ్చినదానికంటే 200 గజాలు ఎక్కువ, జరీబు రైతుకు ఇచ్చినదానితో సమానం. అయితే ప్రైవేటు లేఅవుట్ రోడ్డు గేటు దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత వాన నీరు పక్క చేలోకి, మురుగు సెప్టిక్ ట్యాంకులోకి పోవాల్సిందే. కొండవీటి వాగు పొంగే నేలలో ఇది చిన్న తేడా కాదు. ఆ వరదను కృష్ణలోకి ఎత్తిపోయడానికి ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల పంపులు పెట్టాల్సి వచ్చింది. అలాంటి పని ఏ లేఅవుట్ యజమానీ చేయలేడు.

గుజరాత్ పోలికలో మాత్రం కొంత న్యాయం ఉంది. 1976 నాటి అక్కడి టౌన్ ప్లానింగ్ చట్టంలో రోడ్లకు 15, పార్కులకు 5, సామాజిక అవసరాలకు 5, సంస్థ అమ్ముకోవడానికి 15 శాతం. రైతుకు మిగిలేది 60, అంటే 2,904 గజాలు. కానీ అది పెద్ద ముక్క. దాన్ని ప్లాట్లుగా కోస్తే లోపలి రోడ్లు, ఉమ్మడి ఖాళీ స్థలం యజమానే వదలాలి. అవి మూడో వంతు పైన తీసుకుంటే మిగిలేది 1,940 గజాల లోపు. పైగా భూమి విలువ పెరిగినదాంట్లో సగం వరకు బెటర్‌మెంట్ రుసుము కట్టాలి. అమరావతిలో డెవలప్‌మెంట్ ఫీజు, నాలా (సాగు భూమిని ఇతర అవసరాలకు మార్చే రుసుము), రిజిస్ట్రేషన్ ఫీజు రైతు మీద వేయలేదు. అయినా గజాల్లో అహ్మదాబాదు రైతుకే ఎక్కువ దక్కుతుంది. కారణం స్పష్టం: అక్కడ సంస్థ వాటా 15 శాతం, ఇక్కడ పావు దగ్గర. రాజధాని భవనాల భారం కూడా ఈ భూమి మీదే పెట్టడం వల్ల వచ్చిన తేడా ఇది. దీని మీద వాదించండి, అది న్యాయమైన వాదన.

ఇక భూసేకరణ. 2013 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ విలువ, లేదా గత మూడేళ్ల దస్తావేజుల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు ప్రాతిపదిక. దాన్ని గ్రామాల్లో 1 నుంచి 2 మధ్య గుణకంతో హెచ్చించి, అంతే మొత్తం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం) కలుపుతారు. దస్తావేజుల్లో ధర తక్కువ రాయించే అలవాటు ఇక్కడ రైతుకే ఎదురు తిరుగుతుంది. ఉదాహరణకు ఆ విలువ ఎకరాకు 10 లక్షలనుకుందాం. గుణకం గరిష్ఠంగా 2 వేసినా 20, సొలేషియంతో 40 లక్షలు. 1,250 గజాలకు పంచితే గజం 3,200 రూపాయలు. రోడ్డు, డ్రైను, కరెంటు వచ్చిన ప్లాటుకు అంతకంటే ఎక్కువ ధర వస్తే సమీకరణే మేలు.

ఇందులో "వచ్చిన ప్లాటుకు" అన్న మాటే అసలు సమస్య. ఆ 40 లక్షలు బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి పదేళ్లు ఉంటే 78 లక్షలు దాటుతాయి. అప్పుడు గజం 6,300 పలికితేనే ప్లాటు తీసుకున్న రైతు సమానంగా నిలుస్తాడు. మధ్యలో ప్రభుత్వం ఏటా ఇచ్చే కౌలు కొంత ఆదుకుంటుంది. మెట్టకు మొదటి ఏడు 30,000, ఏటా 3,000 పెంపు, పదేళ్లకు 4.35 లక్షలు. ఆలస్యం చేసే నష్టాన్ని అది పూడ్చలేదు. సేకరణలో ఆలస్యం ఖర్చు ప్రభుత్వానిది. సమీకరణలో రైతుది.

33,000 ఎకరాలకు పైగా ఇచ్చినవాళ్లకు జరిగింది ఇదే. 2019లో పనులు ఆగిపోయాయి. 2022 మార్చి 3న హైకోర్టు మూడు నెలల్లో ప్లాట్లు అభివృద్ధి చేసి ఇవ్వమంది. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు గడువుల మీద స్టే ఇచ్చింది. గజం తగ్గలేదు, శాతం మారలేదు. ఏళ్లు పోయాయి. "3,590 గజాలు" అనే సందేశంలో దీని ఊసే లేదు.

కాబట్టి రెండో విడతలో సంతకం అడిగేవాళ్లను గజాల కంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. నా ప్లాటు ముందు డ్రైను ఏ కాలువలో కలుస్తుంది, ఆ కాలువ తవ్వారా? మురుగు లైను అన్నిటికంటే లోతున పడుతుంది కాబట్టి అది రోడ్డుకంటే ముందు వేస్తున్నారా? వరస తప్పితే వేసిన రోడ్డును మళ్లీ తవ్వుతారు. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది, దాని మీద తగినంత గ్రావెల్ పొర లేకుండా తారు పోస్తే రెండు వానాకాలాల్లో కుంగుతుంది. వీధిపోటు ప్లాట్లు మార్చమని మొదటి విడత రైతులు తిరగాల్సి వచ్చింది. వీధులు మధ్యలో ఆగకుండా ఈ చివర నుంచి ఆ చివరకు పోయేలా గీస్తే అలాంటి ప్లాట్లు చాలావరకు పుట్టవు, అది ప్లాట్లు పంచే లాటరీకి ముందు నక్షాలోనే చూడాలి. అర ఎకరాకు 500 గజాలూ 125 గజాలూ వస్తాయి సరే, పది సెంట్లు ఇచ్చినవాళ్లకు వచ్చే 25 గజాల వాణిజ్య స్థలం విడిగా కొట్టు కట్టడానికి చాలదు. ఉమ్మడి ప్లాటులో ఎవరితో కలుస్తున్నారో ముందే రాసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్లాటు ఏ తేదీకి ఇస్తారు, దాటితే నెలకు గజానికి ఎంత చెల్లిస్తారు అన్నది ఒప్పంద పత్రంలో అంకెల్లో ఉండాలి.