యాప్ ఉందిగా అంటే సరిపోతుందా?

"ఫోన్లో అనువాదం యాప్ ఉందిగా, ఇంకేం భయం?" అని పెద్దవాళ్లని విమానం ఎక్కించేస్తారు. నెట్ లేకపోతే ఆ యాప్ ఏం చేస్తుంది? ముందే వాళ్లు వెళ్లే దేశపు భాష ప్యాక్ డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక్కసారి చూసుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

టికెట్ మీద 15వ తేదీ 00:30 అని ఉంటే ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సింది 14 రాత్రి. ఎవరైనా చెప్తారా? చెప్పరు! 15 సాయంత్రం తీరిగ్గా పెట్టెలు సర్దుతుంటారు, విమానం ఎప్పుడో పోయింది.

అమెరికాలో 04/05 అంటే ఏప్రిల్ 5, బ్రిటన్లో మే 4. పారాసిటమాల్ అని వెతికితే అమెరికా మందుల షాపులో ఆ పేరు కనబడదు, అదే మందు డబ్బా మీద అసిటమినోఫెన్ అని ఉంటుంది. జర్మనీలో సీసా మీద 'గిఫ్ట్' అని ఉంటే కానుక కాదు, విషం! స్పెయిన్లో ఒకావిడ ఇబ్బందిగా ఉందని చెప్పబోయి, ఇంగ్లీషు 'ఎంబరాస్డ్' లాంటిదే అనుకుని 'ఎంబరసాదా' అంది; స్పానిష్‌లో దానికి గర్భవతినని అర్థం. ఇక ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి అదే చెప్పుకుని నవ్వడం. ఎందుకండీ ఆ నవ్వు? వెళ్లేముందు దిగే చోటి చిరునామా అక్కడి లిపిలో, మందుల జెనరిక్ పేర్లు (కంపెనీ పెట్టిన పేరు కాదు, లోపలి మందు పేరు), పడని తిండి పేర్లు ఓ కాగితం మీద రాసి చేతికిచ్చారా?