సవరణ: క్యాబ్ లేపే ముందు ఏసీ గ్యాస్ సంగతి

ఫోర్డ్ సూపర్ డ్యూటీ 6.0 లీటర్ డీజిల్ ట్రక్కు క్యాబ్‌ను (డ్రైవర్ కూర్చునే గదిని) ఇంటి దగ్గరే ఛాసీ (కింది ఉక్కు చట్రం) నుంచి విడదీయడం గురించి రాసిన పోస్టులో "ఏసీ పైపులు విప్పేయండి" అన్న మాటను ఇలా మార్చి చదవండి: "ఏసీ షాపులో రికవరీ మెషీన్‌తో గ్యాస్ తీయించాకే పైపులు విప్పండి." ఈ ట్రక్కుల ఏసీలో ఉండేది ఆర్-134ఏ అనే గ్యాస్. అమెరికాలో దాన్ని కావాలని గాల్లోకి వదలడం 1995 నుంచే చట్టవిరుద్ధం. చట్టం మాట అటుంచినా, పైపుల్లో ప్రెషర్‌కు ద్రవంగా మారి ఉన్న ఆ గ్యాస్ ఎగజిమ్మి చేతి మీద పడితే చర్మం గడ్డకట్టిపోతుంది. కంట్లో పడితే ఇక చెప్పక్కర్లేదు. విప్పిన పైపుల చివర్లకు వెంటనే మూతలు పెట్టండి, తేమ లోపలికి పోకుండా.

"బోల్టులన్నీ తీశాక లేపండి" అన్నదానికీ చిన్న వివరణ. ఒక్కసారిగా లేపేది కాదు. రెండంగుళాలు లేపి ఆపి, టార్చి వేసి చుట్టూ చూడండి. స్టీరింగ్ షాఫ్ట్, బ్రేక్ పైపు, పార్కింగ్ బ్రేక్ కేబుల్, ఏదో ఒకటి బిగుసుకుని కనిపిస్తుంది. ఎక్కువమంది మరిచిపోయేది ఇంజిన్ వెనకాల క్యాబ్‌కు బిగించిన ఎర్త్ తీగ. అది తెగేదాకా తెలియదు! క్యాబ్‌ను ఛాసీకి బిగించే మౌంట్ బోల్టులు తుప్పుపట్టి ఉంటే వాటికి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. లేపిన క్యాబ్ కింద స్టాండ్లు పెట్టనిదే చెయ్యి కూడా పెట్టొద్దు.