అడుసు తొక్కని బండి

టూరింగ్ మోటార్ సైకిల్ కొనడం వేరు, దాని మీద టూరు వెళ్లడం వేరు. ఈ రెండూ ఒకటేనని నమ్మేవారు లోకంలో ఇంకా ఇంతమంది ఉన్నారన్న సంగతి, బండి ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే నాకు తెలిసివచ్చింది. చూడవచ్చిన ప్రతివారూ ట్యాంకు మీద చెయ్యి వేసి (ఆ చెయ్యి సంగతి తరవాత చెబుతాను) "ఎంత దూరం వెళ్లొచ్చారు?" అని అడుగుతున్నారు. గోడకు వేలాడే తైలవర్ణ చిత్రాన్ని చూసి, ఇంత రంగుతో ఎన్ని తలుపులకు పూత వేయించవచ్చునని అడిగేవాడు ఎక్కడైనా ఉంటాడా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. అయిదు వేళ్ల కాలికే అంత జాగ్రత్త చెప్పినవారు, చక్రానికి 36 చువ్వలున్న బండిని చూసి ఉంటే ఏమనేవారో ఊహించుకోవలసిందే.

అయిదు నెలల్లో నా బండి 112 కిలోమీటర్లు తిరిగింది. అందులో 41 షోరూం నుంచి ఇంటికి తెచ్చుకోవడానికే ఖర్చయ్యాయి. ఖర్చు అన్న మాట తెలిసే వాడాను. కొత్త ఇంజన్‌ను మొదటి వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా నడపమని బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. ఆ మాటను నా అంత శ్రద్ధగా పాటించినవారు అరుదు. ఇదే తీరున వెళితే వెయ్యి పూర్తి కావడానికి ఇంకా మూడేళ్ల మూడు నెలలకు పైనే పడుతుందని లెక్క తేలింది.

చరిత్ర తెలియనివారు దీన్ని పిసినారితనం అంటారు. 1976లో బీఎండబ్ల్యూ సంస్థ ఆర్100ఆర్‌ఎస్ అనే బండికి, గాలిని వేగంగా వదిలే విండ్ టన్నెల్‌లో పరీక్షించి తీర్చిదిద్దిన, బండి ముందుభాగాన్ని కప్పే నిండు తొడుగైన ఫెయిరింగ్‌ను తొడిగింది. ఎదురుగాలి రైడరు గుండెకు కొట్టకూడదన్నది దాని ఉద్దేశం. అంటే ఆ రోజుల్లో బండి మనిషిని కాపాడేది. ఇప్పుడు ఆ ఫెయిరింగ్‌కు గాలి సోకకుండా మనిషి కాపాడుతున్నాడు. రుణం తీర్చుకోవడమంటే ఇంకేమిటి? అలాగే 1988 మోడల్ హోండా గోల్డ్ వింగ్‌కు, స్టార్టర్ మోటారు సాయంతో వెనక్కి నడిచే ఏర్పాటు కూడా చేశారు. బరువైన బండి కనుక అవసరమైందని ఇంజనీర్లు చెబుతారు గానీ, నా అభిప్రాయం వేరు. యజమాని చేసే యాత్రల్లో సగం షెడ్డులోంచి బయటికి, తక్కిన సగం తిరిగి షెడ్డులోకి అని వారు ముందే గ్రహించి ఉంటారు.

ఇంతకూ నేను కాపాడుతున్నది ఏమిటో కొలతలతో చెబితే గానీ ఈ బాధ్యత బరువు అర్థం కాదు. అలంకారం కోసం వేసే క్రోమియం పూత మందం సాధారణంగా ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే నా వెంట్రుకలో డెబ్బయ్యో వంతు కూడా లేనిదానికి నేను కాపలాదారును. రంగు మీద అతికించే పాలీయురిథేన్ పొర కథ ఇంకా ఘనమైనది. వియత్నాం యుద్ధ కాలంలో హెలికాప్టర్ రెక్కలను ఇసుక నుంచి కాపాడటానికి పుట్టిన ఆ విద్య, నేడు నా మేనల్లుడి బెల్టు బకిలు నుంచి నా ట్యాంకును కాపాడుతోంది. ఆ పొరకు గీత పడకుండా దాని మీద సిరామిక్ పూత, ఆ పూత మీద దుమ్ము వాలకుండా కవరు, ఆ కవరు తడవకుండా రేకుల షెడ్డు. షెడ్డుకు తుప్పు పట్టకుండా ఏం చేయాలన్నది ఇంకా ఆలోచిస్తున్నాను.

తుడవడం ఒక శాస్త్రం. ఎండిన దుమ్మును పొడిగుడ్డతో తుడిచేవాడు రంగును ఉప్పుకాగితంతో రుద్దుతున్నట్టే లెక్క. గుండ్రంగా తుడిస్తే సాలెగూడు లాంటి సన్నగీతలు ఎండలో కనబడతాయి కనుక, తిన్నగా, ఒకే దిశలో తుడవాలి. రెండు బకెట్లు కావాలి: ఒకటి సబ్బునీటికి, ఒకటి గుడ్డ జాడించడానికి. ఉదయం అయిదున్నరకు నేను నీలం గుడ్డను నాలుగు మడతలు పెట్టి, ట్యాంకు మూత చుట్టూ ఉన్న సన్నటి గాడిలోకి చూపుడువేలి గోటితో మెల్లగా దూరుస్తూ ఉంటాను. ఒకనాడు మా ఆవిడ కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "పెళ్లయిన కొత్తలో మీరు నా వంక కూడా ఇలా చూడలేదండీ" అంది. అందులో నిష్ఠూరం లేకపోలేదు. అయితే ఆమె ఆ గ్లాసును సీటు మీద పెట్టబోవడంతో సంభాషణ వేరే దారి పట్టింది.

దాచుకోవడం ఒక్కటే అయితే ఇంత కష్టం లేకపోను. పదిమందీ చూడాలి, ఏ ఒక్కరూ ముట్టుకోకూడదు. ఈ రెండు ధర్మాల మధ్య నలిగిపోయేవాడే అసలైన టూరింగ్ యజమాని. ఆదివారం సాయంత్రం కవరు తీసి, బండిని వీధికి ఏటవాలుగా నిలబెట్టి, భుజాలకూ మోచేతులకూ రక్షణ బిళ్లలున్న జాకెట్టు తొడుక్కుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని దాని పక్కన నిలబడతాను. వెనక మూడు అల్యూమినియం పెట్టెలు. నెల రోజుల సామాను పట్టే ఆ పెట్టెల్లో ప్రస్తుతం ఉన్నవి తుడుపుగుడ్డలే. చూసేవారు గుమిగూడగానే ఇంజన్‌ను మూడు నిమిషాలు ఆడించి ఆపేస్తాను. అలా చేస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కదనీ, నూనెలో చేరిన తేమ ఆవిరి కాదనీ, బ్యాటరీ కూడా దిగిపోతుందనీ మెకానిక్ హెచ్చరించాడు. కళాకారుడికి ఆ మాత్రం ఆత్మత్యాగం తప్పదు.

అలాంటి ఒక ఆదివారమే ఘోరం జరిగింది. దొంగల భయానికి ముందు చక్రానికి డిస్క్ లాక్ (బ్రేకు పళ్లేనికి బిగించే తాళం) వేసి ఉంచుతాను. తాళం ఉందని గుర్తు చేయడానికి, దానికీ హ్యాండిల్‌కూ కలిపి కట్టే నారింజరంగు చుట్టతీగ ఒకటి ఉంటుంది. అది ఫెయిరింగ్‌కు ఒరుసుకుంటోందని నేనే ఊడదీశాను. చూస్తున్నవారు కాస్త ఎక్కువగా ఉన్నారని ఉత్సాహపడి, బండిని నాలుగడుగులు ముందుకు నడిపి చూపిద్దామని క్లచ్ వదిలాను. చక్రం సగం చుట్టు తిరిగి టక్కున ఆగింది. 260 కిలోల బండి, గంటకు సున్నా కిలోమీటర్ల వేగంతో, చాలా హుందాగా నా ఎడమకాలి మీదకు ఒరిగింది. పరుగెత్తుకొచ్చిన నలుగురూ ట్యాంకు మీద చేతులు వేసి మరీ లేపారు. (పైన చెబుతానన్న చేతులు ఇవే.) పెట్టె అంచు సొట్టపోలేదు, క్రాష్ గార్డు తన ధర్మం నిర్వర్తించింది, పాలీయురిథేన్ పొర మీద పడిన గీత వేడినీళ్లు పోయగానే దానంతటదే మాయమైంది. నా పిక్క మీద గీత మాత్రం ఉండిపోయింది. నాకు ఆ పొర వేయించలేదు.

వెయ్యి కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందయితే అప్పుడు మొదటి సర్వీసు చేయించాలన్నది నియమం. ఏది ముందయిందో చెప్పనక్కరలేదు. ఆ ఉదయం చినుకులు పడుతున్నాయి, దారంతా బురద. బండిని కవరుతో సహా చిన్న లారీ ఎక్కించి, నాలుగు వైపులా మెత్తటి పట్టీలతో బిగించి, దాని వెనకాలే నా పాత స్కూటరు మీద తడుస్తూ వెళ్లాను. ఆ స్కూటరు 80 వేల కిలోమీటర్లు తిరిగింది, దానికి కవరు కొన్న జ్ఞాపకం లేదు.

సాయంత్రం బండి తీసుకుందామని వెళితే మెకానిక్ కుర్రవాడు ముఖం వెలిగిపోతూ ఎదురొచ్చాడు. "ట్రయల్‌కి హైవే దాకా తీసుకెళ్లాను సార్. నాలుగో గేరులో పడ్డాక వెనక్కి తిప్పబుద్ధి కాలేదు. మీరైతే రోజూ ఎంత దూరం వెళ్తారో!" అన్నాడు. నేను మీటరు చూశాను: 119. వెనక చక్రం మడ్‌గార్డు కింద అరచెయ్యంత ఎర్రమట్టి అంటుకుని ఉంది. జేబులోంచి నీలం గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, మరో బకెట్ ఎక్కడుందని అడిగాను.