పుట్టగొడుగుకు హార్మోను మందా? ముందు తలుపు తీయండి

ఆ మధ్య తెలిసిన రైతు ఒకాయన తన షెడ్డులో ముత్యపు చిప్ప పుట్టగొడుగుల బెడ్లు చూపించాడు. కాడలు వేలెడు పొడవు సాగాయి. గొడుగులు మాత్రం చొక్కా గుండీలంతే ఉన్నాయి. "మిరప పూత రాలకుండా కొట్టే హార్మోను మందు ప్లానోఫిక్స్ ఉంది, పైరు సాగడానికి కొట్టే జిబ్బరెల్లిక్ కూడా ఉంది. ఏది కొట్టమంటారండీ?" అన్నాడు. తేమ పోతుందని కిటికీలన్నిటికీ పాలిథిన్ కట్టేశాడు. లోపల నాకే ఊపిరాడలేదు.

కాడ సాగి గొడుగు విప్పారలేదంటే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయిందనే అనుమానించాలి. గొడుగు కట్టే దశలో అది 1000 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు వెయ్యి వంతులు) లోపు ఉంటే మంచిది. మొక్కల్లో జిబ్బరెల్లిక్ ఆమ్లం చేసే పని కాడను సాగదీయడమే. ఆ పనేదో ఆయన షెడ్డు ఉచితంగానే చేసిపెడుతోంది!

అలాగని ఆయన అడిగింది వెర్రి ప్రశ్న కాదు. పుట్టగొడుగు కూడా శిలీంధ్రమే, జిబ్బరెల్లిక్ ఆమ్లం చేరిన జిబ్బరెల్లిన్ల కుటుంబం మొదట దొరికిందీ ఒక శిలీంధ్రంలోనే. వరి మొక్కలు విపరీతంగా పొడవు పెరిగి పడిపోయే తెగులుకు, ఆ శిలీంధ్రం వదిలే పదార్థమే కారణమని 1926లో తైవాన్‌లో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్త కురొసావా చూపించాడు. 1935లో మరో జపాన్ శాస్త్రవేత్త యబుటా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. కానీ ఆ శిలీంధ్రంలోనే ఆ పదార్థాన్ని తయారు చేసుకోలేని రకాలు కూడా ప్రయోగశాలలో మామూలుగానే పెరుగుతాయి. అంటే శిలీంధ్రం తన ఎదుగుదలకు అది అవసరం లేదు, వరి మీద వాడే పనిముట్టు.

ఆక్సిన్లు (ప్లానోఫిక్స్ ఈ కోవదే), జిబ్బరెల్లిన్లు, కైనెటిన్ లాంటి మొక్కల హార్మోన్లు తక్కువ మోతాదులో వేస్తే బెడ్డులో పుట్టగొడుగు తెల్లని దారాల బూజు చురుగ్గా అల్లుకుందని, దిగుబడి పెరిగిందని చెప్పే ప్రయోగాలు ఉన్నాయి. మోతాదు పెంచితే అవే ఎదుగుదలను అణిచేశాయి. ఇలాంటి ఫలితాలు చదివేటప్పుడు నేను ముందు వెతికేది ఒకటే. జిబ్బరెల్లిక్ పొడి నీటిలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో కరిగిస్తారు. మందు కొట్టని బెడ్లకు కూడా అంతే ఆల్కహాల్ కలిపిన నీళ్లు కొట్టారా? ఒట్టి నీళ్లే కొడితే, పెరిగిన దిగుబడి హార్మోనుదో ఆల్కహాల్‌దో ఎవరు చెప్పగలరు? పైగా ఒకే రోజు కట్టిన రెండు బెడ్లే ఒకేలా కాయవు.

పుట్టగొడుగుకు దాని సొంత సంకేతాలున్నాయి. బటన్ రకానికి పైన కేసింగ్ మట్టి పరవకపోతే మొగ్గలు సరిగా రావు. ఆ మట్టిని పూర్తిగా క్రిమిరహితం చేసినా అంతే. మనం పుట్టగొడుగు వాసన అనుకునే ఆక్టెనాల్ ఆవిరే మొగ్గను ఆపుతుంది. మట్టిలోని సూడోమోనాస్ బ్యాక్టీరియా ఆ అడ్డు తొలగిస్తుంది. బ్యాక్టీరియా బదులు, ఆవిర్లను పీల్చుకునే యాక్టివేటెడ్ బొగ్గు కలిపినా మొగ్గలొస్తాయి. అంటే అక్కడ కావాల్సింది కొత్త మందు పోయడం కాదు, ఉన్న అడ్డు తీయడం.

ఇంకో సంగతి. మొగ్గ కనిపించిన మూడు నాలుగు రోజుల్లో ముత్యపు చిప్పను కోసేస్తాం. తొక్క తీసేది లేదు, మొత్తం తింటాం. కొట్టిన మందు తగ్గడానికి వ్యవధి ఎక్కడ? జిబ్బరెల్లిక్ సీసా మీది పంటల వరుసలో వరి, చెరకు, పత్తి, వేరుశనగ ఉంటాయి. పుట్టగొడుగు ఉండదు.

ఆయన పాలిథిన్ విప్పాడు గానీ మందు మాట వదల్లేదు. రెండు బెడ్లకు కొట్టి చూస్తానంటే, మరో రెండింటికి అంతే ఆల్కహాల్ కలిపిన నీళ్లు కొట్టమన్నాను, ఆ నాలుగు బెడ్ల కోతా అమ్మకానికి పెట్టొద్దన్నాను. తూకం ఇంకా చెప్పలేదు.