లెక్కలు రానివారికి లెక్కలేనన్ని ఉద్యోగాలు

పోయిన ఆదివారం మా విజీనారంలో ఒక కల్యాణ మండపంలో కెరీర్ గైడెన్స్ సదస్సు పెట్టారు. 'లెక్కలంటే పడదా? మీకూ ఉద్యోగాలున్నాయి' అని బయట ఫ్లెక్సీ. మనిషికి 499 రూపాయలు. 500 అంటే లెక్కలకు భయపడేవాళ్లు జడుసుకుంటారని కాబోలు. ఎంపీసీ చదవనని మొండికేసిన మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను.

కోటు వేసుకున్న సలహాదారుగారు తెర మీద జాబితా వేశారు. మొట్టమొదటిది సంగీతం. "హాయిగా పాడుకోవచ్చు, అంకెలతో పనే లేదు" అన్నారు. ఎక్కడ నిలబడి అన్నారండీ ఈ మాట? 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊళ్లో. దాని మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఈ ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి వేసేవారని పేరు. ఇప్పుడు అదే ఊళ్లో మన అంకెల్లేని విద్వాంసుడు కచేరీకి కూర్చున్నాడనుకోండి.

"ఆది తాళం చుట్టుకి ఎన్ని అక్షరాల లెక్క నాయనా?" అంటాడు మృదంగం ఆయన.

"అంకెలుండవన్నారండీ."

"మరి తాళం చుట్టు ఎక్కడ ముగిస్తావు?"

"అలుపొచ్చిన చోట."

ఆ అలుపు వచ్చేలోగా వయొలిన్ ఆయన భోంచేసి వచ్చేస్తాడు, జనం కాంప్లెక్సుకెళ్లి ఆఖరి బస్సు ఎక్కేస్తారు, తెల్లారి పాలవాడు వచ్చేసరికి మనవాడు ఇంకా పల్లవిలోనే ఉంటాడు, మృదంగం ఆయన మాత్రం దణ్ణం పెట్టి రిటైరైపోయుంటాడు.

రెండోది చేతివృత్తులు. పొందూరు ఖద్దరు బొమ్మ కూడా వేశారు. వాలుగ చేప దవడతో దూది ఏకి, నూరో నంబరు నూలు వడికే ఆడవాళ్లకి కూలి చిలపల లెక్కనే, అంటే నూలు చుట్టల లెక్కనే కదండీ! లెక్క తప్పితే ఎవరి పొట్ట మాడుతుందో ఈ కోటాయనకి తెలుసా?

మూడోది ప్రభుత్వ ఉద్యోగం. ఇది మరీ బాగుంది. గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో 150కి 30 మార్కులు మెంటల్ ఎబిలిటీకే, కానిస్టేబుల్ పరీక్షలో అరిథ్‌మెటిక్. దొంగ వెనక పరిగెత్తడానికి కూడా ముందు చక్రవడ్డీ కట్టాలి.

చివర్లో విడిగా మాట్లాడాలంటే 1,500, దాని మీద 18 శాతం జీఎస్టీ అన్నారు. డబ్బు కట్టించుకునే అమ్మాయి ఇంకా కాలిక్యులేటర్ వెతుక్కుంటుంటే మావాడు "1,770 మావయ్యా" అన్నాడు.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. వీడికి పడనిది లెక్కలు కాదు. వారం వారం ర్యాంకులు గోడకి అంటించి, మార్కులు తగ్గాయని సెక్షన్ మార్చి, పేరు పెట్టి పిలవడం మానేసి "ఒరేయ్ నూటపద్నాలుగూ" అని పిలిచిన చదువది. వీడి సెక్షన్లో ఒక గుంటడు ర్యాంకులు అంటించిన రోజల్లా అన్నం ముట్టేవాడు కాదట. చదువుల వ్యాపారుల్లారా, పిల్లల్ని అంకెలతో చావగొట్టిందీ మీరే, అంకెలంటే భయమని చీటీ రాసిందీ మీరే, ఆ భయానికి టికెట్టు పెట్టి అమ్ముకుంటున్నదీ మీరే. సిగ్గుండక్కర్లేదూ?

ఇదంతా నేను పైకి అన్లేదు లెండి. 499 పెట్టి వెళ్లినవాణ్ణి, ఏ మొహంతో అంటాను!

బయటికొస్తుంటే గేటు దగ్గర రిజిస్టరు చూపించి ఫోన్ నంబరు రాయమన్నారు. మావాడు తొమ్మిదంకెలే రాసిచ్చాడు. లెక్కలు రావు కదా పాపం.